మంచం పక్కన పది నెలలు: నల్లగొండలో ఒక ఇంటి నర్సింగ్ సేవపై సమీక్ష

మా అమ్మకు 82 ఏళ్లు. పోయిన కార్తీకంలో ఒకనాటి తెల్లవారుజామున స్నానాల గది గడప దగ్గర కాలు జారి పడడంతో ఆమె ఎడమ తుంటి విరిగింది. హైదరాబాద్‌లో ఆపరేషన్ చేయించి, పదకొండో రోజున నల్లగొండ రామగిరిలోని మా ఇంటికి తీసుకొచ్చాం. నేను జూనియర్ కళాశాలలో పాఠాలు చెబుతాను. మా ఆయన ఉద్యోగం మిర్యాలగూడలో, అన్నయ్య కుటుంబం హైదరాబాద్‌లో. పగలంతా ఇంట్లో మనిషి లేని పరిస్థితిలో, మా పట్టణంలోనే నడుస్తున్న ఒక ఇంటి నర్సింగ్ సేవను పిలిపించుకున్నాం. పది నెలలుగా అదే సేవ కొనసాగుతున్నది.

ఆ సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. చెప్పవలసిన లోపాల్లో కొన్ని సంస్థవి, కొన్ని మా ఇంటివి, మరికొన్ని ఈ రంగమంతటా పాతుకుపోయిన అలవాట్లవి. పేరు పెడితే చదివేవారి చూపంతా ఆ ఒక్క చోటే నిలిచిపోతుంది. ఇలాంటి సేవను ఇంటికి పిలవబోయే కుటుంబాలకు ఏం అడగాలో, ఏం గమనించాలో తెలియాలని నా కోరిక. మంచం పక్కన ఉండబోయే మనిషి రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతుంది అన్నది మొదటి రోజే అడగవలసిన ప్రశ్న. అది నాకు రెండు నెలలు ఆలస్యంగా తట్టింది.

ముందుగా ఈ సేవలో ఏం దొరుకుతుందో చెబుతాను. 12 గంటల అటెండెంటు, 24 గంటలూ ఇంట్లోనే ఉండే అటెండెంటు, కట్టు మార్చడానికో ఇంజెక్షన్ ఇవ్వడానికో వచ్చి వెళ్లే నర్సు అని మూడు రకాలు ఉన్నాయి. మన ఊళ్లలో ఈ ముగ్గురినీ కలిపి 'హోం నర్సు' అంటున్నారు. ఈ పిలుపు వల్ల చాలా కుటుంబాలు మోసపోతున్నాయి. నర్సు అంటే రెండేళ్ల ఏఎన్ఎం, మూడేళ్ల జీఎన్ఎం లేదా నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ చదివి, రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో రిజిస్ట్రేషన్ ఉన్న మనిషి. అటెండెంటు అంటే కొన్ని వారాలో నెలలో శిక్షణ పొంది స్నానం, భోజనం, మంచంలో తిప్పడం, నడిపించడం చూసుకునే మనిషి. ఇద్దరి పనీ గౌరవించదగినదే, కానీ ఒకరి పని మరొకరితో చేయించకూడదు. మేం పిలిపించిన సంస్థ ఈ తేడాను మొదటి ఫోన్‌లోనే దాపరికం లేకుండా చెప్పింది. అందుకే దాన్ని ఎంచుకున్నాం.

సంస్థను నడిపే ఆవిడ ప్రభుత్వ ఆసుపత్రిలో హెడ్ నర్సుగా చేసి రిటైరైన వ్యక్తి. మనిషిని పంపే ముందు తనే వచ్చి అమ్మను గంటన్నర సేపు చూసింది. ఆ రోజు మా మేనకోడలు కూడా ఇంట్లో ఉన్నది. అన్నయ్య కూతురైన ఆ అమ్మాయి బీఎస్సీ నర్సింగ్ మూడో సంవత్సరం చదువుతున్నది. ఆవిడ చేతిలోని కాగితం చూసి, 'అత్తా, అది బ్రేడెన్ స్కేలు' అని నా చెవిలో చెప్పింది. బార్బరా బ్రేడెన్, నాన్సీ బెర్గ్‌స్ట్రామ్ అనే ఇద్దరు అమెరికన్ నర్సులు 1980లలో తయారుచేసిన కొలమానం అది. నొప్పిని, ఒత్తిడిని గుర్తించే శక్తి, చర్మంపై తడి, లేచి తిరగడం, మంచంలో తనంతట తాను కదలడం, తిండి, పక్క మీద చర్మం రాపిడి అనే ఆరు విషయాలకు మార్కులు వేస్తారు. మొత్తం 6 నుంచి 23 వరకు ఉంటుంది. 18గానీ అంతకన్నా తక్కువగానీ వస్తే పడక పుండ్లు పడే ప్రమాదం ఉన్నట్టు లెక్క. అమ్మకు 14 వచ్చాయి.

ఈ ఒక్క కాగితం వల్ల మా ఇంట్లో చాలా మారింది. అంతకు ముందు మేం అమ్మ నడుము కింద స్పిరిట్ రాసి, పౌడరు చల్లి, గట్టిగా రుద్దేవాళ్లం. మా నాయనమ్మకు అట్లాగే చేసిన జ్ఞాపకం. ఎర్రబడిన చోట రుద్దితే లోపల నలిగిన కణజాలం ఇంకా నలుగుతుందని, రబ్బరు చక్రం వేసి కూర్చోబెడితే దాని అంచు చుట్టూ రక్తప్రసారం ఆగుతుందని ఆవిడ వివరంగా చెప్పి రెండూ మాన్పించింది. చర్మం చూసే పద్ధతి కూడా నేర్పింది. ఎర్రబడిన చోట వేలితో నొక్కి వదలాలి. తెల్లబడి మళ్లీ రంగు వస్తే ఇంకా సమయం ఉన్నట్టు, తెల్లబడకుండా అట్లాగే ఉంటే మొదటి దశ పుండు మొదలైనట్టు. చామనఛాయ చర్మం మీద ఎరుపు సరిగా కనిపించదు కాబట్టి పక్క చర్మంతో పోల్చి వేడిగా ఉన్నదా, గట్టిపడ్డదా అని చేత్తో తడిమి చూడాలన్నది. మన వాళ్లకు అవసరమైన ఈ మాటను అంతకు ముందు ఆసుపత్రిలో గానీ ఇంకెక్కడ గానీ మాకెవరూ చెప్పలేదు.

మూడో రోజు వచ్చిన అటెండెంటు దేవరకొండ వైపు ఒక తండా అమ్మాయి. వయసు ముప్పైలోపే. అమ్మను మొదటి రోజు నుంచే 'అవ్వా' అని పిలిచింది. తినిపించే పద్ధతిలో ఆమె శిక్షణ బాగా కనిపించింది. అమ్మను నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో పెట్టి, మింగిన తర్వాతే రెండో చెంచా ఎత్తేది. తిన్నాక అరగంట వరకు పడుకోనిచ్చేది కాదు. పలుచటి గంజికంటే కాస్త చిక్కటి జావ, మెత్తటి జొన్న గట్క అయితే దగ్గు రాకుండా గొంతు దిగుతున్నాయని ఆమే గమనించి నాకు చెప్పింది. తిండి ఊపిరితిత్తుల్లోకి పోయి న్యుమోనియా రావడం మంచాన పడ్డ వృద్ధులకు ఎంత పెద్ద ప్రమాదమో తెలిసినవారికి ఈ చిన్న జాగ్రత్త విలువ తెలుస్తుంది.

అయితే ఆ శిక్షణలో మన జిల్లా లేదు. సంస్థపై నా మొదటి ఫిర్యాదు ఇదే, కొంత విస్తారంగా చెప్పవలసి ఉన్నది. అమ్మ పుట్టి పెరిగింది మర్రిగూడ మండలంలో. పెళ్లయిన తర్వాత కూడా అదే ప్రాంతంలో, బావి నీళ్లు, ఆ తర్వాత బోరు నీళ్లు తాగి యాభై ఏళ్లకు పైగా బతికింది. తాగే నీళ్లలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములకు మించి ఫ్లోరైడ్ ఉండకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే పరిమితి. మా వైపు బోర్లలో దానికి ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా 'నల్గొండ టెక్నిక్' అనే పేరున్నదంటే ఇక్కడి నీళ్ల చరిత్ర వేరే చెప్పనక్కరలేదు. ఫ్లోరైడ్ ఎక్కువై ఎముకలు దెబ్బతినే జబ్బును ఫ్లోరోసిస్ అంటారు. అది ముదిరిన ఎముక ఎక్స్‌రేలో చిక్కగా, తెల్లగా కనిపిస్తుంది; చూపుకు గట్టిగా ఉన్నా పెళుసుగా మారుతుంది. ఎముకలను కలిపే బంధనాల్లో (లిగమెంట్లలో) కాల్షియం పేరుకుపోయి మెడ, వెన్ను బిగుసుకుపోతాయి. అమ్మ మెడ వంచలేదు, పక్కకు తిప్పలేదు. ఎవరైనా పిలిస్తే ఒళ్లంతా తిప్పి చూడవలసిందే.

అలాంటి మనిషిని, పాఠంలో నేర్పినట్టు తల కింద చెయ్యి వేసి ముందుకు లేపితే ఏమవుతుంది? మొదటి వారంలోనే అమ్మ కేక పెట్టింది. ఆ అమ్మాయి భయపడి చేతులు వెనక్కి తీసుకున్నది. తల, భుజాలు, నడుము ఒకేసారి కదిలేట్టు కింద దుప్పటి పట్టుకొని, మొద్దును దొర్లించినట్టు తిప్పాలని మా మేనకోడలు వచ్చి చూపించేదాకా మాకెవరికీ తోచలేదు. తినిపించడానికి కూడా మెడ వంచడానికి బదులు మంచం తలవైపు భాగాన్నే ఎత్తాం. మునుగోడు, మర్రిగూడ, నాంపల్లి, చండూరు వైపు పల్లెల్లో బిగుసుకుపోయిన నడుములతో ఎంతమంది ముసలివాళ్లు ఉన్నారో నల్లగొండలో నర్సింగ్ సేవ నడిపేవారికి తెలియనిది కాదు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లల సంగతి వేరు, కానీ ఇప్పుడు మంచాన పడుతున్న తరం ఆ బోర్ల నీళ్లు తాగిన తరమే. ఫ్లోరోసిస్ ఉన్న మనిషిని ఎట్లా పట్టుకోవాలన్నది ఇక్కడి అటెండెంటు శిక్షణలో మొదటి వారం పాఠంగా ఉండాలి. ఈ మాట నేను సంస్థకు రాతపూర్వకంగా ఇచ్చాను. రెండు నెలల తర్వాత సంస్థను నడిపే ఆవిడ మా ఇంటికే ఇంకో ముగ్గురు అటెండెంట్లను తీసుకొచ్చి, అమ్మ ఒప్పుకున్నాకే, తిప్పే పద్ధతిని దగ్గరుండి చూపించింది. ఆ రోజు అమ్మ ముఖంలో ఏదో గర్వం కనిపించింది. తన దేహం నలుగురికి పాఠమైందని ఆమెకు అర్థమైంది.

ఇక రాత్రుల సంగతి చెప్పాలి. మేం మొదట తీసుకున్నది 24 గంటల అటెండెంటును. నెలకు 24,000 రూపాయలు. పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి తిప్పాలన్నారు కాబట్టి, మంచం పక్కన ఒక నోటుపుస్తకం పెట్టి, తిప్పిన ప్రతిసారీ సమయం, ఏ పక్కకు తిప్పిందీ రాయించాం. రాత్రి 10, 12, 2, 4, 6. ఆ అమ్మాయి ఒక్క గడి కూడా ఖాళీ వదల్లేదు. ప్రతి ఉదయం కళాశాలకు వెళ్లే ముందు ఆ పుస్తకం చూసి, సంతృప్తిగా సంతకం పెట్టింది నేనే.

ఏడో వారంలో ఒక ఉదయం అమ్మకు రక్తపోటు మాత్ర రెండుసార్లు పడింది. ఆరు గంటలకు ఇచ్చిన మాత్రను మరిచిపోయి, అటెండెంటు ఎనిమిదికి టిఫిన్‌తో మళ్లీ ఇచ్చింది. పది గంటలకల్లా అమ్మకు కళ్లు తిరిగి, ఒళ్లు చల్లబడింది. ఫోన్ వచ్చి నేను ఆటోలో ఇంటికి చేరేసరికి ఆ అమ్మాయే కాళ్లు ఎత్తుగా పెట్టి, బీపీ చూసి, డాక్టరుకు ఫోన్ చేసి ఉంచింది. పొరపాటు తనదేనని ఎవరూ అడగకముందే చెప్పింది. సాయంత్రానికి అమ్మ కుదుటపడింది. నేను మాత్రం సంస్థకు ఫోన్ చేసి, ఈమెను వెంటనే మార్చమని గట్టిగా అడిగాను. అవతలివైపు నుంచి 'రేపే మారుస్తాం మేడం' అన్న జవాబు ఒక్క ప్రశ్న కూడా లేకుండా వచ్చింది. అప్పుడు ఆ జవాబు నాకు మంచి సేవలా అనిపించింది. ఇప్పుడు ఆలోచిస్తే అది ఈ సేవలోని పెద్ద లోపం. ఎందుకిట్లా జరిగిందని వాళ్లు అడగలేదు, నేనూ అడగలేదు.

అడిగింది అమ్మ. 'గా పిల్ల పండుకోంగ నేను సూడనే లేదు బిడ్డా. నన్ను తిప్పుడే అయితంది దానికి. ముందుగాల దాన్ని ఇంత నిద్రపోనియ్యుండ్రి' అన్నది. ఆ రాత్రి నోటుపుస్తకాన్ని మొదటి పేజీ నుంచి తిరగేశాను. నలభై ఐదు రాత్రుల్లో ఆ అమ్మాయి ఏ రాత్రీ రెండు గంటలకు మించి ఒక్కబిగిన పడుకోలేదు. వారానికొక సెలవు అన్నది ఒప్పందంలో ఉన్నా, మారుమనిషి దొరకలేదన్న కారణంతో ఒక్కసారి కూడా ఇవ్వలేదు. ఆరేళ్ల కొడుకును తల్లి దగ్గర వదిలి వచ్చిన ఆమె, ఆ నలభై ఐదు రోజుల్లో వాడిని ఫోన్‌లో తప్ప చూడలేదు. ఈ లెక్కంతా నా సంతకాల పక్కనే ఉన్నది.

మా మేనకోడలు తన తరగతిలో చదివిన విషయాలు చెబుతుంటే సిగ్గుతో పాటు ఆశ్చర్యం కూడా కలిగింది. 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చేసిన ఒక ప్రయోగంలో, 17 గంటలు ఏకధాటిగా మేల్కొని ఉన్న మనిషి చేతి నైపుణ్యం, రక్తంలో ఆల్కహాల్ 0.05 శాతం ఉన్న మనిషి స్థాయికి పడిపోయిందట. మన మోటారు వాహనాల చట్టం 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు, అంటే 0.03 శాతం దాటితేనే బండి నడపనివ్వదు. బండి నడపడానికి పనికిరాని స్థితిలో ఉన్న మనిషి చేతికి మేం అమ్మ మాత్రల డబ్బా ఇచ్చి, తప్పు జరిగిందని కోపం తెచ్చుకున్నాం.

ఆసుపత్రుల్లో ఈ సంగతిని లెక్కలతో సహా నిరూపించినవారు ఉన్నారు. అమెరికన్ నర్సింగ్ పరిశోధకురాలు లిండా ఐకెన్ బృందం 2002లో ప్రచురించిన అధ్యయనం అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో 168 ఆసుపత్రులను, పదివేల మందికి పైగా నర్సులను, రెండు లక్షల ముప్పై వేల మందికి పైగా ఆపరేషన్ రోగులను పరిశీలించింది. ఒక్కో నర్సు చూసుకునే రోగుల సంఖ్య ఒకటి పెరిగినకొద్దీ 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం, నర్సు మానసికంగా అలసి కుంగిపోయే అవకాశం 23 శాతం పెరిగాయి. రెండేళ్ల తర్వాత వచ్చిన మరో అమెరికన్ అధ్యయనంలో పన్నెండున్నర గంటలు దాటిన డ్యూటీల్లో నర్సుల పొరపాట్లు దాదాపు మూడు రెట్లు కనిపించాయి. ఇవి చదువుకున్న నర్సుల మీద, పెద్ద ఆసుపత్రుల్లో చేసిన అధ్యయనాలు. మన ఇళ్లలో ఒంటరిగా, పక్కన మాట్లాడే తోటి ఉద్యోగి కూడా లేకుండా పనిచేసే అటెండెంటు పరిస్థితి అంతకన్నా తేలిక అనుకోవడానికి నాకు ఏ కారణమూ కనిపించదు.

క్రిస్టినా మాస్లాక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1981లో సహపరిశోధకురాలితో కలిసి రూపొందించిన ప్రశ్నావళి ఈ అలసటను మూడు భాగాలుగా కొలుస్తుంది: లోపల మనసు ఖాళీ అయిపోవడం, ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం, తాను చేసే పనికి విలువ లేదనిపించడం. ఈ రెండో భాగం నాకు పూర్తిగా అర్థమైంది. మొదటి రోజు నుంచి 'అవ్వా' అని పిలిచిన ఆ అమ్మాయి, ఆరో వారానికి నాతో ఫోన్‌లో మాట్లాడేటప్పుడు 'పేషెంటు తిన్నది, పేషెంటు పండుకున్నది' అనడం మొదలుపెట్టింది. వృత్తిపరమైన మాటతీరు వస్తున్నదని అప్పుడు నేను అనుకున్నాను.

మరునాడు సంస్థను నడిపే ఆవిడను ఇంటికి పిలిపించి, అమ్మ మంచం పక్కనే కూర్చొని మాట్లాడుకున్నాం. ఆ అమ్మాయిని మార్చవద్దన్నాం. 24 గంటల పద్ధతి మానేసి, ఉదయం 7 నుంచి సాయంత్రం 7 వరకు ఒకరు, సాయంత్రం 7 నుంచి ఉదయం 7 వరకు ఒకరు ఉండాలని, ఇద్దరికీ వారానికొక సెలవు తప్పకుండా ఇవ్వాలని, ఆ సెలవు రోజు మారుమనిషి రాకపోతే మేమే చూసుకుంటామని కాగితం మీద రాసుకున్నాం. ఆవిడ వాదించలేదు. 24 గంటల డ్యూటీ ఏ మనిషీ చేయలేని పని అని తనకు తెలుసునని, కానీ రెండు షిఫ్టుల ఖర్చు చెబితే పదిళ్లలో తొమ్మిదిళ్లు ఫోన్ పెట్టేస్తాయని నిజాయితీగా చెప్పింది. ఆ మాట కాదనలేను. మొదటి ఫోన్‌లో చెప్పి ఉంటే నేనూ పెట్టేసేదాన్నేమో.

రెండు షిఫ్టులకు కలిపి ఇప్పుడు నెలకు 36,000 రూపాయలు అవుతున్నది. పెరిగిన 12,000 అన్నయ్య భరిస్తున్నాడు. మేం కట్టేదాంట్లో పనిచేసేవారి చేతికి ఎంత అందుతుందో కూడా అడిగి తెలుసుకున్నాను. మొదట్లో 24,000లో ఆ అమ్మాయికి అందింది 15,000. ఇప్పుడు ఒక్కో షిఫ్టుకు 18,000లో 13,000 అందుతున్నది. గంటల లెక్కన చూస్తే ఇదే మేలు, అయినా చాలినంత అని నేను అనను. సంస్థ తీసుకునే వాటాలో పర్యవేక్షణ, శిక్షణ, మారుమనుషుల ఖర్చు ఉన్నాయంటారు. ఆ మూడూ నిజంగా జరిగిన నెలల్లో ఆ వాటా న్యాయమైనదే.

రాత్రి తిప్పే విషయంలో మరో మంచి మార్పు జరిగింది. రెండు గంటలన్నది చాలాకాలంగా పాఠ్యపుస్తకాల్లో ఉన్న నియమం. కానీ బ్రేడెన్ స్కేలు తయారుచేసినవారిలో ఒకరైన బెర్గ్‌స్ట్రామ్ నాయకత్వంలోనే అమెరికా, కెనడా వృద్ధాశ్రమాల్లో 900 మందికి పైగా వృద్ధుల మీద జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, మంచి చిక్కదనం ఉన్న ఫోమ్ పరుపు మీద పడుకున్నవారిని రెండు, మూడు, నాలుగు గంటలకొకసారి తిప్పినా పుండ్ల విషయంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది మా మేనకోడలు తెచ్చిన కబురే. మా ఇంట్లో అప్పటికి ఉన్నది మోటారుతో గాలి నిండే పరుపు. వేసవిలో కరెంటు పోయినప్పుడల్లా అది కుంగిపోయేది. దాన్ని తీసేసి ఫోమ్ పరుపు కొన్నాం. ఆపరేషన్ చేసిన డాక్టరును అడిగి, అమ్మ చర్మం చూపించి, ఆయన ఒప్పుకున్నాకే రాత్రి తిప్పడాన్ని మూడు గంటలకు మార్చాం. ఇతరులు డాక్టరును అడగకుండా ఈ పని చేయవద్దు. అమ్మకు అప్పటికి తిండి కుదిరింది, కొద్దిగా తనంతట తాను కదలడం వచ్చింది, చర్మం బాగున్నది. రాత్రి 10కి, 1కి, 4కి, ఆ తర్వాత తెల్లవారాక. అమ్మకూ నిద్ర పట్టింది. రెండు గంటలకొకసారి మేల్కొంటున్నది అటెండెంటు ఒక్కతే కాదని, అమ్మ కూడా అన్ని రాత్రులూ అట్లాగే గడిపిందని అప్పుడుగానీ మాకు తట్టలేదు.

రెండు షిఫ్టులు పెట్టగానే అంతా సర్దుకున్నదని చెప్పలేను. రాత్రి డ్యూటీకి వచ్చిన ఆమె రెండో నెలలో అమ్మ మంచం పక్కన కుర్చీలోనే గాఢనిద్రలో ఉండడం రెండుసార్లు చూశాను. కోప్పడే ముందు ఈసారి అడిగాను. ఆమె పగలు మరో ఇంట్లో పని ఒప్పుకున్నది. భర్త అడ్డా కూలీ, ఇద్దరు ఆడపిల్లల చదువు, 13,000తో గడవడం లేదు. ఒకే మనిషిని పగలు ఒక ఇంటికి, రాత్రి ఒక ఇంటికి పంపుతున్నది అదే సంస్థ అని తెలిసినప్పుడు నాకు చాలా బాధ కలిగింది. ఆ విషయం నేరుగా అడిగితే, పట్టణంలో రాత్రి డ్యూటీకి ఒప్పుకునే ఆడవాళ్లు తక్కువని, ఆమే కావాలని అడిగిందని జవాబు వచ్చింది. రెండూ నిజమే కావచ్చు. అయినా ఒక మనిషి పేరు రెండు డ్యూటీల్లో ఉన్నదని పట్టుకోవలసిన బాధ్యత రిజిస్టరు ఉన్నవారిది. ఇప్పుడు ఆమె వారంలో నాలుగు రోజులు పగలు ఎక్కడికీ వెళ్లడం లేదు, మిగతా రోజుల్లో సగం పూట చేస్తున్నది. రాత్రి డ్యూటీకి అదనంగా నెలకు 2,000 మేం నేరుగా ఆమెకే ఇస్తున్నాం. ఇది పరిష్కారమని నేను అనుకోవడం లేదు.

శిక్షణలో మరో లోటు మనసుకు సంబంధించినది. తుంటి విరిగి ఆపరేషన్ అయిన వృద్ధుల్లో కొంతకాలం తికమక, సమయం, చోటు తెలియకపోవడం తరచుగా కనిపిస్తాయి. డాక్టర్లు దాన్ని డెలీరియం అంటారు. మొదటి మూడు వారాలు ప్రతి సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అమ్మ 'బర్లు ఇంటికొచ్చినయా, నేను ఊరికి పోవాలె' అని మంచం దిగబోయేది. అటెండెంటు 'ఇది నల్లగొండ, మీ ఊరు కాదవ్వా' అని వాదించేది, అమ్మ ఇంకా ఆందోళనపడేది. గోడకు పెద్ద అంకెల గడియారం, క్యాలెండరు పెట్టడం, కళ్లద్దాలు, చెవి మిషన్ పగలంతా ఉండేట్టు చూడడం, వాదించకుండా 'వస్తయి అవ్వా, ముందు ఈ చాయ్ తాగు' అని నెమ్మదిగా మాట మళ్లించడం లాంటి సాధారణ ఉపాయాలు ఏవీ ఆమెకు ఎవరూ నేర్పలేదు. నేర్పాక రెండు రోజుల్లో పట్టుకున్నది. నేర్చుకోగలిగిన మనిషికి నేర్పకపోవడం అన్యాయం అనిపించింది.

ఫిజియోథెరపీ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. వారానికి మూడుసార్లు వచ్చే కుర్రవాడు సమయానికి వస్తాడు, అమ్మ భయాన్ని గౌరవిస్తాడు. బిల్లులు స్పష్టంగా ఉంటాయి. ఫోన్ రాత్రిపూట కూడా ఎత్తుతారు.

పది నెలల తర్వాత అమ్మ వాకర్ పట్టుకొని మంచం నుంచి వాకిలి దాకా, ఇరవై అడుగులు నడుస్తున్నది. ఒంటి మీద ఎక్కడా పుండు లేదు. మొన్న వేసిన బ్రేడెన్ మార్కులు 19. మొదట వచ్చిన తండా అమ్మాయే ఇప్పటికీ పగటి డ్యూటీ చేస్తున్నది. బీపీ మాత్రలకు వారం రోజుల గడులున్న డబ్బా కొన్నాం, ఇచ్చాక గడి ఖాళీగా కనిపిస్తుంది. ఆ తర్వాత ఒక్క పొరపాటు జరగలేదు. ఆదివారం ఆమె సెలవు. శనివారం సాయంత్రం ఏడుకు దేవరకొండ బస్సెక్కి, సోమవారం ఉదయానికి తిరిగి వస్తుంది. వచ్చినప్పుడు కొడుకు అవ్వకు పంపించాడని చెప్పి ఏదో ఒకటి తెస్తుంది, ఒకసారి రేగుపండ్లు, ఒకసారి కాల్చిన మక్కజొన్న కంకి. అమ్మకు పళ్లు లేవు, కంకి నమలలేదు. దాన్ని చేతిలో పట్టుకొని వాసన చూస్తూ చాలాసేపు కూర్చున్నది.

ఈ సేవకు ఐదింటికి మూడున్నర ఇస్తాను. తగ్గించిన ఒకటిన్నరలో సగం శిక్షణలో ఈ జిల్లా ముసలివాళ్ల నడుములు లేనందుకు, మిగతాది పండుగ రోజుల కోసం. సంక్రాంతికి, ఉగాదికి మారుమనిషి లేదని చివరి పూట చెప్పారు. ఈసారి బతుకమ్మకు నెల ముందే సెలవుల జాబితా రాసివ్వమని అడిగాను. ఆరు రోజులకు పేర్లు వచ్చాయి. సద్దుల బతుకమ్మ రోజుకు మాత్రం ఎవరూ దొరకలేదన్నారు, ఇద్దరు అటెండెంట్లూ ఆ రోజు తమ ఊళ్లలోనే ఉండాలి. ఆ రోజు నేను అమ్మ దగ్గర ఉంటాను. తంగేడు పూలు ముందు రోజే తెచ్చిపెట్టమని పగటి డ్యూటీ అమ్మాయికి చెప్పాను. మంచం పక్కన చిన్న బతుకమ్మను పేర్చమని అమ్మ అడిగింది.